సీ బాయ్ అంటే

లమ్‌దువాన్ తల్లీ,

తెల్లారేసరికి తూర్పున నల్లమబ్బు పట్టింది. నువ్వు ఇంటికి రాగానే ఆరబోసిన ధాన్యం లోపల పెట్టు. గేదెకు నీళ్లు పెట్టు. తర్వాత సుయ్ అవ్వను వెంటబెట్టుకుని ఆస్పత్రికి రా. ఈ ఊళ్లో ఖ్మేరు భాష తెలిసింది మీ అమ్మ కాక ఆవిడ ఒక్కతే. నేను తలుపు తట్టాను. భిక్షువులకు అన్నం పెట్టడానికి పోయిందట. నాకు బస్సు వేళయింది.

నిన్న ఆపరేషన్ బాగానే అయింది. కానీ మత్తు దిగాక మీ అమ్మ నోట మన లావ్ మాట ఒక్కటీ రావడం లేదు. అంతా పుట్టింటి ఖ్మేరే. "మత్తుమందుకు ఎప్పుడో ఒకరికి ఇలా అవుతుంది పెదనాన్నా, భయం లేదు, రేపటికి సర్దుకుంటుంది" అంది నర్సు. నాకు నమ్మకం చిక్కడం లేదు. నా చెయ్యి పట్టుకుని "సీ బాయ్, సీ బాయ్" అంటూనే ఉండింది. మన భాషలో "సీ పై" అంటే పోతాననే కదా. "నన్నొదిలి ఎక్కడికే?" అన్నాను. మళ్లీ అదే మాట. అవ్వ కోసమే రాత్రి బస్సుకు ఇంటికొచ్చాను. మీ నానమ్మ ఆ భాషను గడప దాటనివ్వలేదు. నేను అడ్డు చెప్పలేదు. ముప్పై ఏళ్లలో ఒక్క ముక్క నేర్చుకోలేదు.

చీటీ మడుస్తుంటే అవ్వే వచ్చింది. చెప్తే నవ్వింది. "పోవడమేంట్రా మొద్దూ, అన్నం తినమంటోంది. నీ మొహం చూసి ఉంటుంది." నిజమే, నిన్నటినుంచి తినలేదు. అవ్వ రానక్కర్లేదు. మీ అమ్మ ఇవాళ తినొచ్చన్నారు. మనం రోజూ తినే జిగురన్నం వద్దు. వాళ్ల పుట్టింట్లో తినే పొడి అన్నం వండి ముగ్గురికీ తీసుకురా. ఎవరం ఏమీ మాట్లాడక్కర్లేదు, కూర్చుని తిందాం.