తెలిసిన దీపం

అత్తయ్యగారికి,

నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం అని రాయబోయి ఆగాను. ఉన్నది నేనొక్కణ్ణే. క్షేమంగానే ఉన్నాను. మీరూ పాపా బాగున్నారని మీ ఉత్తరంలో చదివాక మనసు కుదుటపడింది.

ఆ రోజు ఎలా గడిచిందో ఉన్నదున్నట్టు రాయమన్నారు. పాపకి జ్వరం తగిలి మీరు రాలేకపోయారు. ఫోనులో నాకు మాట రాదు, మీకు తెలుసు. అందుకని రాస్తున్నాను.

పొద్దున మీ అమ్మాయి మామూలుగానే లేచింది. కిటికీ తెర తియ్యమంది. నర్సు తల దువ్వబోతే దువ్వెన లాక్కుని తనే దువ్వుకుంది, సగం వరకు. అరకప్పు పాలు తాగింది. చక్కెర వెయ్యలేదని నన్ను కేకలేసింది. వేశాను. అయినా ఆమె నోటికి రుచి తెలియలేదు. మధ్యాహ్నం డాక్టరు నొప్పిమందు పెంచాడు. ఆ తర్వాత కాసేపు మాట్లాడింది. ఆ సంగతి కింద రాస్తాను. సాయంత్రం ఊపిరి నెమ్మదించింది. కాళ్ళ మీంచి దుప్పటి జారితే సర్దడానికి లేచాను. సర్ది తల ఎత్తేసరికి అయిపోయింది. చెయ్యి పట్టుకుని ఉన్నావా అని అడిగారు. లేదు అత్తయ్యగారూ. దుప్పటి పట్టుకుని ఉన్నాను. చివర్లో బాధ పడలేదు. అది మాత్రం నిజం.

తింటున్నావా అని అడిగారు. తింటున్నాను. అన్నం ఒకపూట మాడుతోంది, ఒకపూట పలుకుగా దిగుతోంది. ఆ రెంటికీ మధ్య ఎక్కడో అన్నం ఉండాలి, వెతుకుతున్నాను. నెల తిరక్కుండానే ఆఫీసుకి పోతున్నానని ఎవరో మీతో అన్నారట. నిజమే. నీళ్ళ సరఫరా ఆఫీసులో పైపులైన్ల ప్లాన్లు గీసేవాడికి చేతిలో గీత ఉన్నంతసేపే నిబ్బరం.

పాపని ఎప్పుడు తీసుకెళ్తావని అడిగి, దాని కింద "నీ కూతురు నీది బాబూ, కాదనను, కానీ కొన్నాళ్ళు" అని రాసి కొట్టేశారు. కొట్టేసినా చదవగలిగాను. జవాబు రాస్తాను. ముందు ఇంకో సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే ఇది చెప్పలేను.

మొన్న మీ అమ్మాయి పనిచేసిన లాబుకి వెళ్ళాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో గేటు దాటి లోపలికి వెళ్ళింది అదే మొదటిసారి. లైట్లు పరీక్ష చేస్తారని తెలుసు. వెలుగుతుందా లేదా చూస్తారనుకునేవాణ్ణి. ఆ వెలుగు కంటిని పాడుచేస్తుందా లేదా అన్నది చూస్తారట. లేజరైనా ఎల్‌ఈడీ అయినా అమ్మకానికి రావాలంటే, ఇలా గుర్తింపు ఉన్న లాబు ఒకటి "ప్రమాదం లేదు" అని రాసివ్వాలి. మీ అమ్మాయి అంత తేలిగ్గా రాసిచ్చేది కాదట. అక్కడ ఆమెని అందరూ "అత్తగారు" అనేవాళ్ళట. ఏ దీపం వచ్చినా ఒక పట్టాన ఒప్పుకోదని. మీరు కోపం తెచ్చుకోకండి, వాళ్ళు ముద్దుగానే అంటారు.

నన్ను రమ్మన్నది లాబు పెద్దాయన. ఆమె చివరిగా పరీక్షించింది ఒక పిల్లల దీపం. పడుకునే గదిలో పెడితే కప్పు నిండా పచ్చటి నక్షత్రాలు పడతాయి. లోపల ఒకే ఒక్క చిన్న లేజరు ఉంటుంది. దాని ముందున్న గీతల పలక ఆ కిరణాన్ని వెయ్యి చుక్కలుగా చీలుస్తుంది. ఆమె దాన్ని పనికిరాదని రాసింది. కింద పడితే పలక జారిపోతుందనీ, అప్పుడు వచ్చే వెలుగు హద్దు దాటి ఎన్నో రెట్లు ఉందనీ ఆమె లెక్క. కంపెనీవాళ్ళు ఒప్పుకోలేదు. ఆమె జబ్బు మనిషి, మందుల మత్తులో కొలిచింది, ఆ కొలత చెల్లదన్నారు. పెద్దాయన నిక్కచ్చి మనిషి. కొత్త దీపాలు తెప్పించి, ఆమె అంకె చూడని ఇంకో మనిషితో మళ్ళీ కొలిపిస్తానన్నాడు. "మీరు కూడా వచ్చి కూర్చోండి" అని నాకు కబురు పెట్టాడు.

ఆ గది గోడలు నలుపు, నేల నలుపు, తలుపుకి నల్లతెర. కాటుకభరిణెలోకి దిగినట్టుంది. కొలిచేది మీ అమ్మాయి పని నేర్పిన పిల్ల. పని చేస్తూ కూనిరాగం తీస్తుందని తుమ్మెద అంటారు. ఆమె ఒక రేకు బిగించింది. మధ్యలో చిన్న గుండ్రటి రంధ్రం ఉంది.

"ఇదేంటమ్మా?" అన్నాను.

"ఇది కన్ను అనుకోండి" అంది. "చీకట్లో కంటిపాప బాగా విచ్చుకుంటే ఇంత ఉంటుంది. మీదైనా నాదైనా, రాజుగారిదైనా సుమారు ఇంతే. ఇందులోంచి దూరిన వెలుగే మాకు లెక్క."

నేను దాని వంకే చూస్తూ ఉండిపోయాను. ఎవరిదీ కాని కన్ను, అందరిదీ అయిన కన్ను. పెద్దవాళ్ళు వాడే కొన్ని లేజర్లకి రెప్పపాటుని కూడా రక్షణగా లెక్క కడతారట. మనం ఊరికే అనే రెప్పపాటుకి అక్కడ కొలత ఉంది. పిల్లల వస్తువుకి ఆ సడలింపు ఇవ్వరు. ముచ్చటపడ్డదాన్ని పిల్లలు రెప్ప వెయ్యకుండా చూస్తారు కదా. ఇంకోటి కూడా చెప్పింది. కంటి వెనకతెరకి నొప్పి తెలియదట. కాలినా తెలియదట. ఒళ్ళంతా నొప్పి తినేస్తుంటే మీ అమ్మాయి రోజూ పొద్దున్నే వెళ్ళి కాపలా కాసింది, నొప్పే తెలియని చోటుకి.

కొలత చూడటానికి వచ్చిన కంపెనీ మనిషి నవ్వుతూ అన్నాడు: "పిల్లల దీపమమ్మా ఇది, ఫిరంగి కాదు."

"ఫిరంగైతే బెంగ లేదండీ, పిల్లలు పారిపోతారు. దీపం కాబట్టే వచ్చి కన్ను ఆనిస్తారు" అంది తుమ్మెద.

మా అందరికీ కళ్ళద్దాలిచ్చింది. దీపాన్ని బల్లంత ఎత్తు నుంచి పడేసి, బిగించి వెలిగించింది. నక్షత్రాలు. రెండోదీ అలాగే, నక్షత్రాలు. కంపెనీ మనిషి కాలు మీద కాలు వేసుకున్నాడు. మూడోది పడేసినప్పుడు లోపల సన్నగా టిక్కుమంది. వెలిగించింది. గోడ మీద నక్షత్రం ఒక్కటి కూడా లేదు. ఒకే ఒక్క చుక్క. ఆ వెయ్యింటి వెలుగూ ఆ ఒక్కదానిలో ఉంది. ఆవగింజంత లేదు.

తుమ్మెద పాట ఆపి అంకె చెప్పింది. దాని పక్కనే, ఇందులో ఇంత తేడా ఉండొచ్చు అని ఇంకో అంకె చెప్పింది. అక్కడ అందరూ అలా చెప్పి తీరాలట. ఎంత పొరపాటు పడ్డామో ముందే ఒప్పుకోని కొలతని వాళ్ళు కొలతే అనరట. పెద్దాయన మీ అమ్మాయి అంకె చదివాడు. రెండూ ఆ తేడా లోపలే ఉన్నాయి.

కంపెనీ మనిషి కాలు దించాడు. "పలకకి జిగురుతో లాభం లేదు, మర బిగిస్తాం" అన్నాడు. "మా ఇంట్లోనూ ఒకటుందండీ ఈ దీపం" అని తుమ్మెదతో మెల్లగా అన్నాడు.

బయటికొచ్చాక పెద్దాయన నాతో అన్నాడు: "ఆమెని నేను అనుమానించలేదండీ. మీరే అన్నారు కదా, ఆఖర్లో తెలివిలో లేదని. వాళ్ళు అడిగితే దాచలేకపోయాను."

అవును. పరామర్శకి వచ్చినప్పుడు ఆయనతో ఆ మాట అన్నది నేనే. మీతో కూడా అదే అన్నాను.

తుమ్మెద కల్పించుకుంది. "చెయ్యి వణికేదండీ. అది ఆమే చెప్పేది. కానీ రోజూ ముందు తెలిసిన దీపాన్ని కొలిచేది. దాని అంకె మాకందరికీ తెలుసు. అది సరిగ్గా వస్తే, 'ఇవాళ నేను బాగానే ఉన్నాను, పదండి' అని తెలియనిదానికి వెళ్ళేది. రాకపోతే ఇంటికెళ్ళిపోయేది."

నేను మెట్ల మీద కూర్చుండిపోయాను. ఎందుకో రాస్తాను.

ఆ మధ్యాహ్నం ఆమె మొదట మా పాత ఇంటి నంబరు చెప్పింది. తర్వాత మీ ఫోను నంబరు. పాప పుట్టిన తేదీ. పదమూడో ఎక్కం సగం దాకా. మందు మత్తు అనుకున్నాను. అన్నీ సరిగ్గా చెప్పిందని అప్పుడు గమనించలేదు. అప్పుడు నా వంక చూసి అంది: "పాపని ఒక ఏడాది అమ్మ దగ్గర ఉంచు. అమ్మ ఇంట్లో నా గొంతులాంటిది ఒకటి వినపడుతూ ఉండాలి. నీ ఇంట్లో గోడలు కూడా నీలాగే మాట్లాడవు. రోజూ దానితో మాట్లాడు. నీకు మాట్లాడటం వచ్చాక తెచ్చుకో." ఇది అని నవ్వింది కూడా.

ఈ మాట నేను మీకు చెప్పలేదు. తెలివిలో లేదు అనుకుంటే నేను దాన్ని పాటించక్కర్లేదు. పాప మంచం ఖాళీగా ఉన్న ఇంట్లో ఉండలేననిపించింది. అందుకని ఇక్కడి బడిలో సీటు తీసుకుని, త్వరలో వచ్చి పాపని తీసుకెళ్తానని మీకు రాశాను. ఆమె తెలివిని తక్కువ చేసి నా కోరికకి వాడుకున్నాను. ఆ తక్కువ చెయ్యడమే లాబు దాకా వెళ్ళింది.

ఆమె ముందు తెలిసినవి కొలుచుకుంది. అవి సరిగ్గా వచ్చాకే నాతో మాట్లాడింది. అంత నొప్పిలో, అంత మందులో. నేను ఎవరితో కాపురం చేశానో నాకు తెలియదని ఆ మెట్ల మీద తెలిసింది.

పాప మీ దగ్గరే ఉంటుంది. మీరు కొట్టేసిన వాక్యాన్ని ఇక కొట్టెయ్యక్కర్లేదు.

రేపు ఉదయం ఈ ఉత్తరం పోస్టులో వేసి, బడికి వెళ్ళి ఆ సీటు ఇంకెవరి పిల్లకైనా ఇమ్మని చెప్తాను. కానీ అంతకంటే ముందు, పాప అక్కడ నిద్ర లేచేవేళకి మీకు ఫోను చేస్తాను. ఏం మాట్లాడాలో ఇప్పటికీ తెలియదు. ఎందుకని అడక్కుండా దానికివ్వండి. ముందు నేనే మాట్లాడతాను.

ఇట్లు,
మీ అల్లుడు