ఒహాయో వెళ్లేవాడు తుపాకీకి తాళం వేయడు

హార్లన్, కాఫీ ఫ్లాస్కులో పోసి పెట్టాను. కుక్కకి మాత్ర జున్నుముక్కలో పెట్టి ఇవ్వు, లేకపోతే ఉమ్మేస్తుంది. నువ్వు లేచేసరికి నేను డ్యూటీలో ఉంటాను.

నిన్న సాయంత్రం కుక్క దుప్పటి కోసం కారు డిక్కీ తెరిస్తే నీ తుపాకీ కనబడింది. తూటాలు తీసేసి వేరే డబ్బాలో పెట్టావు, తుపాకీని పెట్టెలో పెట్టి తాళం వేశావు. "ఒహాయోలో లైల్‌తో చేపలు పట్టడానికి వెళ్తున్నా" అన్నావు కదూ? చేపల మాట దేవుడెరుగు, గాలాలు గరాజ్‌లోనే దుమ్ముకొట్టుకుని ఉన్నాయి. మన పెన్సిల్వేనియా తుపాకీ పర్మిట్ ఒహాయోలోనూ చెల్లుతుంది. అక్కడికి వెళ్లిన ప్రతిసారీ తుపాకీ నీ నడుముకే ఉండేది. పర్మిట్ చెల్లని చోటికి బయల్దేరినప్పుడే నువ్వు దాన్నిలా కట్టిపెడతావు.

అంటే న్యూజెర్సీ. పర్మిట్ చెల్లని పక్క రాష్ట్రాల్లో నువ్వెప్పుడైనా వెళ్లింది అదొక్కటే. మొదట ఎవరో ఆడమనిషి అనుకున్నాను. తర్వాత తట్టింది. అక్కడ నీకున్నది నీ కూతురు ట్రెస్సా ఒక్కతే. నన్ను పెళ్లాడావని మూడేళ్లుగా నీతో మాట్లాడని పిల్ల. ఎప్పుడు పిలిచింది? నాకెందుకు చెప్పలేదు? నేనూ వస్తానంటానని భయమా?

తుపాకీ తీసి బీరువాలో పెట్టాను. తాళంచెవి నా దగ్గరే ఉంది. కూతురి గడప తొక్కడానికి తుపాకీ ఎందుకయ్యా నీకు?

వెర్నా

ఫ్రిజ్‌లో ఆపిల్ కేకు ఉంది, తుపాకీ బదులు అది పట్టుకెళ్లు. ఎవరు చేశారని ట్రెస్సా అడిగితే కొన్నానని చెప్పు. అబద్ధాలాడటం నీకు కొత్తేం కాదుగా.