అడవి వైపు చివరి ఇల్లు

చిరంజీవి తమ్ముడు మల్లేశుకు, అన్న లింగయ్య దీవించి రాసేది.

ఇక్కడ నేను, మీ వదిన, పశువులు బాగానే ఉన్నాం. పశువుల్లో ఒకటి తక్కువ. అవ్వ మోకాళ్ల నొప్పి ఎట్లా ఉంది? మరదలు, పిల్లలు బాగున్నారా?

కొడకండ్లలో గడ్డి ఎండిపోయింది, మందను తోలుకొని నేనూ రానా అని అడిగావు. ముందు ఈ ఊరి సంగతి విను. రేగొండ దాటి అడవి మొదలయ్యే చోట ఉంటుంది. గడ్డి నడుము దాకా. వాగులో ఎండాకాలమూ నీళ్లే. మమ్మల్ని రమ్మన్న ఉత్తరంలో కొమురయ్య మామ ఒక్క అబద్ధమూ రాయలేదు. ఒక సంగతి రాయడం మరిచాడు, అంతే.

ఇక్కడ ఇళ్లు వచ్చిన వరుసలో ఉంటాయి. ముందొచ్చినవాళ్లు వాగు పక్కన, తర్వాతివాళ్లు వాళ్ల వెనక. అందరికన్నా చివర వచ్చినవాడి ఇల్లూ దొడ్డీ అడవిని ఆనుకొని. చిరుత వస్తే ముందుగా వాణ్నే పలకరిస్తుంది. మేం రాకముందు ఆ ఇల్లు మామది. తెలంగాణ గడబిడలైన ఏడాది మేం రాగానే ఆయన లోపలికి జరిగాడు. ఆ తర్వాత ఇంకెవరూ రాలేదు.

మొన్న మన కర్రి ఆవును చిరుత కొట్టింది. చూలుతో ఉండె. తెల్లారి ఊరంతా వచ్చింది. పెద్దమనిషి నా భుజం తట్టి, "నీ పుణ్యమాని మా దొడ్లు బతికినయి లింగన్నా" అన్నాడు. ఊరికి ఇంత మేలు చేశానని నాకే తెలియదు.

"జర నడుమ జాగ ఇయ్యుండ్రి" అన్నాను.

"ఇంకోడు రాంగనే నువ్వే జరుగుతవు. నీ తమ్మునికి రాయరాదు?"

"ఇన్లాండు కవరు నేనిస్త అల్లుడా" అన్నాడు మామ.

మీ వదిన కళ్లు తుడుచుకొని, "రాయి. మల్లేశుకు కుక్కలున్నయి, ఎట్లనో ఓర్సుకుంటడు" అన్నది. దాన్ని తప్పుపట్టకు. ఆ ఆవు దాని చేతుల మీద పెరిగింది.

మామ ఇచ్చిన కవరు మీదే రాస్తున్నా. రావద్దు తమ్ముడూ.

ఇప్పటికి ఈ మాట రాసే ధైర్యం ఉంది. ఇంకో ఆవు పోయాక ఉంటుందో లేదో. ఎప్పుడైనా నా చేతిరాతతోనే "గడ్డి నడుము దాకా ఉంది, రా" అని ఉత్తరం వస్తే, అవ్వకు చదివి వినిపించకు. పొయ్యిలో పెట్టు.

అవ్వకు మా ఇద్దరి దండాలు. కురవి వీరన్నకు మా పేరు మీద మొక్కుకొమ్మను. పిల్లలకు ముద్దులు.

ఊరికి కంచెగా ఉన్న
నీ అన్న
లింగయ్య