నా సాక్ష్యం, ఆయన కాలు

16 ఫిబ్రవరి 1986, ఆదివారం

నా మీద నాకే రోత పుడుతోంది.

ఈరోజు చర్చిలో మళ్ళీ నా చేత సాక్ష్యం చెప్పించారు. గురజాల నుంచి పెద్ద పాస్టరుగారు వచ్చారని మా చర్చి పాస్టరు అయ్యగారు నన్నే పిలిచారు. "లేమ్మా, శ్రమలో దేవుడు నిన్నెట్టా పెంచాడో చెప్పు" అన్నారు. లేచాను. నాపరాయి క్వారీలో మా ఆయన కాలు నలిగిన సంగతి, మోకాలి కింద తీసేసిన సంగతి, ఆసుపత్రి వరండాలో నేను ప్రార్థన నేర్చుకున్న సంగతి వరసగా చెప్పాను. ఇది నాలుగోసారి. జనం "స్తోత్రం" అనే చోట ఆగాను. ఏడుపు ఏ మాట దగ్గర వస్తుందో ముందే తెలుసు కాబట్టి కొంగు చేతిలో పట్టుకునే ఉన్నాను. ఛీ.

బయట మరియమ్మక్క నా చెయ్యి పట్టుకుని, "నీ సాక్ష్యం చానా బాగుందే" అంది. పొంగిపోయాను.

ఇంటికొచ్చేసరికి ఆయన మంచం మీద కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటున్నాడు. తలెత్తకుండానే అడిగాడు: "ఏమే, ఇయ్యాల కూడా నా కాలు అందర్నీ బాగా ఏడిపించిందా?"

కోపంగా అడిగినా బాగుండేది. మామూలుగా అడిగాడు. నేను అన్నం పెట్టాను.

ఆ వరండాలో నాకు "ప్రభువా" తప్ప ఒక్క మాట రాలేదు. ఇప్పుడు మాటలన్నీ వచ్చేశాయి. దీన్నే ఎదగడం అంటున్నానా?

నాలుగుసార్లు చెప్పాను. చెప్పనా అని ఆయన్ని ఒక్కసారీ అడగలేదు.