బంతిపువ్వు దారం

నోవై, మిషిగన్
ఏప్రిల్ 30, 2012

మా ధనమ్మ పెద్దమ్మకి,

పన్నెండేళ్ల తర్వాత రాస్తున్నాను. నీకు చూపు తగ్గిందని అమ్మ చెప్పింది. కోపమొచ్చినా సరే, చివరిదాకా చదివించుకో.

మా పక్కింటి వాల్టర్ గారికి డెబ్బై ఎనిమిదేళ్లు. వసంతం రాగానే ఏటికి వెళ్లి ట్రౌట్ చేపలు పట్టడమంటే ఆయనకు ప్రాణం. ఎర పెట్టరు. చిన్న గాలానికి పట్టుదారం చుట్టి, గాలం మెడ దగ్గర కౌజుపిట్ట ఈక కట్టి, నీళ్లలో మునిగే పురుగులా తయారుచేస్తారు. ఈ ఏడాది చేతులు వణికి కట్టలేకపోయారు. ఒకరోజు దారానికి తేనెమైనం పట్టిస్తూ కనిపించారు, అచ్చం నువ్వు జాకెట్ల మగ్గం పని దగ్గర పట్టించినట్టే. ఉండబట్టలేక "నేను కడతాను" అనేశాను.

"డైనింగ్ టేబుల్ మీద ఈ ఫెదర్స్ ఏంటి రేణూ, క్లీన్ చేసెయ్ ప్లీజ్!" అని మా ఆయన భాస్కర్ ఒకటే గోల. నేను వింటేగా! పెళ్లి జాకెట్టు కుట్టినట్టు ఈకను నాలుగు చుట్లు తిప్పి కుచ్చులా నిండుగా కట్టాను. శనివారం చేపలు పట్టే సీజన్ మొదలైంది. వాల్టర్ గారు వాటిని తీసుకెళ్లి, మధ్యాహ్నానికి ఉత్త చేతులతో తిరిగొచ్చారు. "చాలా అందంగా ఉన్నాయమ్మా, కానీ మునగడం లేదు" అంటూ నా ఎదుటే ఒకదాని ఈక సగం విప్పేశారు. నాకు ఏడుపొచ్చింది.

నా పదిహేడో ఏట నీ మగ్గం మీద నేను కుట్టిన బంతిపువ్వును పదిమంది ఆడవాళ్ల ముందు నువ్వూ ఇలాగే విప్పావు. "ఎక్కడ ఆపాలో తెలీదే నీకు" అన్నావు. ఆ రోజు లేచి వెళ్లిపోయినదాన్ని మళ్లీ సూది ముట్టలేదు, నీ గడప తొక్కలేదు.

ఆదివారానికి ఒకే చుట్టుతో కట్టిచ్చాను. మూడు చేపలు పడ్డాయి! వాల్టర్ గారు మా వాకిట్లో నిలబడి ఇంతింత అని చేతులు చాచి చూపిస్తుంటే నువ్వే గుర్తొచ్చావు. ఈ వేళ్లకు పని నేర్పింది నువ్వు. ఆ మాట చెప్పడానికి ఇన్నేళ్లు పట్టింది, నన్ను క్షమించు.

నీకోసం ఒకటి కట్టి పంపుతున్నాను. గాలం మొన విరిచేశాను, తడిమి చూడు.

నీ రేణు


రాజమండ్రి
మే 24

రేణు తల్లికి,

ఎదురింటి పూజిత చేత రాయిస్తున్నాను. నీ పురుగు అందింది. ఒకే చుట్టన్నావు, వేళ్లకు రెండు తగిలాయి. పెద్దమ్మకి కదా అని నిండుగా కట్టావు కదూ?

ఆ పువ్వులో కుట్టు ఎక్కువైన మాట నిజమే. నలుగురిలో విప్పడం మాత్రం నా తప్పు. నువ్వు వెళ్లిపోయాక ఆ దారం పారేయబుద్ధి కాలేదు, చుట్ట చుట్టి పెట్టెలో దాచాను. దీంతో పంపుతున్నాను. మంచి పట్టు, ఇంకా గట్టిగానే ఉంది. ఆ పెద్దాయనకి దాంతో కట్టివ్వు.

చేపలకి నచ్చిందో లేదో రాయి.

మీ పెద్దమ్మ
ధనమ్మ