మడతలో దాచిన చోటు

పద్మక్కా,

ఈ రోజు మన తిరువూరు కాలేజీ సర్వర్ నిండిపోయింది. పిల్లలు ప్రాజెక్టులు ఎక్కించే రోజులు, ఒక్క ఫైలూ ఎక్కడం లేదు. నువ్వు పోయాక ల్యాబు నా మీదే పడింది కదా. కొత్త డిస్కు కావాలంటే విజయవాడ వెళ్ళాలి.

అప్పుడు గుర్తొచ్చింది. సర్వర్ పెట్టిన నాడు నువ్వు డిస్కులో కొంత చోటు దేనికీ కేటాయించకుండా అట్టిపెట్టావు. "ఇంత చోటు వృథా ఏంటక్కా?" అని నేను విసుక్కుంటే, "పెరిగే పిల్ల పరికిణీకి మడత వేయించమూ? ఇదీ అంతేనే" అన్నావు.

వాల్యూమ్ మేనేజర్‌తో ఆ చోటును ఫైళ్ళుండే వాల్యూమ్‌కి కలిపాను. అయినా నిండిందనే చూపించింది. "వాల్యూమ్ పెంచితే చాలదే, లోపల ఫైళ్ళు సర్దే ఫైల్ సిస్టమ్‌నీ పెంచాలి" అని నువ్వు కేకలేసిన రోజు మనసులో మెదిలింది. ఆ పనీ చేశాను. సర్వర్ ఆపకుండానే చోటు పెరిగింది, ఒక్క ఫైలూ పోలేదు. అంతా నీ చలవే.

సాయంత్రం మీ అమ్మాయి ల్యాబుకొచ్చింది. నువ్వు కుట్టించిన ఆకుపచ్చ పరికిణీయే. వాళ్ళ అమ్మమ్మ మడత విప్పిందట. పైనంతా వెలిసిపోయింది కానీ, విప్పిన చోట రంగు కొత్తగానే ఉందక్కా.