గోరి కార్డు మీద ఎర్ర సిరాతో రాసిన మాట

జిల్లా వైద్య, ఆరోగ్య శాఖాధికారి గారి సముఖమునకు,

నల్లవాగుపాడు గ్రామ రైతు, సైన్సు ప్రచారకుడు జయప్రకాశ్ (వయసు 55) రాసిన అర్జీ.

విషయం: నా మనవరాలు చి. గోరి (వయసు నాలుగేళ్లు) సికిల్ సెల్ కార్డు మీద మీ సిబ్బంది ఎర్ర సిరాతో రాసిన 'తండ్రి సరిపోలలేదు' అను మాటను కొట్టివేయుట గురించి.

అయ్యా,

పై విషయమునకు సంబంధించి తమకు విన్నవించునది ఏమనగా, ఇది దయ కోరుతూ రాసిన అర్జీ కాదు. తప్పు దిద్దమని రాసిన అర్జీ. ఈ తేడా మొదట్లోనే చెప్పడం మంచిది. అర్జీ అనగానే మీ ఆఫీసులో చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషిని ఊహించుకుంటారు. నేను కూర్చుని రాస్తున్నాను.

1. నా కుమారుడు నాగచైతన్య, మా ఊరిని ఆనుకుని ఉన్న తండాలోని ధన్‌సింగ్ గారి కుమార్తె సువర్ణ ఆరేళ్ల కిందట రిజిస్టర్ పెళ్లి చేసుకున్నారు. మాది మా తాత కాలంలో కృష్ణా జిల్లా నుంచి ఇటు వచ్చి భూములు కొన్న కుటుంబం. వాళ్లది లంబాడీ కుటుంబం. ఈ సంగతి ఒక వైద్యాధికారికి రాయవలసిన అవసరం ఉండకూడదు. మీ ఫారం వల్ల వచ్చింది.

2. గోరికి ఏడాది నిండినప్పటి నుంచీ చేతుల వేళ్లు వాచేవి. ముసురు పట్టినా, చలి పెరిగినా కాళ్లు పట్టుకుని ఏడ్చేది. "తాతా, కాళ్లల్ల చీమలు కొరుకుతున్నయ్" అనేది. పోయిన వానాకాలం తండాలో మీ శాఖ వారు సికిల్ సెల్ శిబిరం పెట్టినారు. సూది గుచ్చి రక్తపు చుక్క తీసినారు. తేడా కనపడితే పట్నం పంపినారు. జబ్బు ఉన్నదని తేలింది. కార్డు ఇచ్చినారు, రోజూ వేయవలసిన మందు ఇచ్చినారు. నాలుగు నెలలు పిల్ల నొప్పి అన్న మాట ఎత్తలేదు. ఆ మేరకు తమ శాఖకు కృతజ్ఞతలు. ఇక మీదట కృతజ్ఞతలు లేవు.

3. అయిదో నెలలో తల్లిదండ్రుల వివరాలు కావాలన్నారు. అదే చుక్క పరీక్ష ఇద్దరికీ చేసినారు. సువర్ణకు సికిల్ లక్షణం ఉన్నదని, నా కుమారునికి లేదని వచ్చింది. నల్లవాగుపాడు ఆరోగ్య కేంద్రంలో కౌన్సిలరుగా ఉన్న ఉద్యోగిని కార్డు తీసుకుని, తండ్రి పేరున్న గడి పక్కన పై మాట రాసి, కింద 'వివరములు సరిపోలు వరకు కార్డు నిలుపుదల' అని మరో ముక్క చేర్చినారు. మందు ఆగింది. మేము ఖమ్మంలో డాక్టరును వెతుక్కుని మళ్లీ మొదలుపెట్టేలోగా పదకొండు రోజులు గడిచినవి. ఆ పదకొండు రోజుల్లో చీమలు తిరిగి వచ్చినవి. ఒక పూట పిల్ల నొప్పికి నా చొక్కా కాలరు నోట్లో పెట్టుకుని కొరికింది. ఆ చొక్కా దాచి పెట్టాను. విచారణ జరిపితే దాఖలు చేస్తాను.

మందు సంగతి ఇప్పుడు మేము చూసుకుంటున్నాము. ఆ మాట సంగతి మీరు చూడవలెను.

4. ఎందుకంటే ఆ మాట కార్డు మీద ఉండిపోలేదు. సువర్ణ మా ఊరి అంగన్‌వాడీ టీచరు. కార్డుల నకళ్లు ఏ అంగన్‌వాడీ పిల్లలవి ఆ అంగన్‌వాడీకి పంపాలని మీ నిబంధన. అనగా, తన బిడ్డకు తండ్రి ఎవరో తెలియదని ప్రభుత్వం రాసిన కాగితం సువర్ణ చేతికే టపాలో వచ్చింది. ఆమె దానికి వరుస నంబరు వేసి ఫైలులో పెట్టింది. తీసెయ్యమ్మా అన్నాను. "రూల్ ప్రకారం ఉండాలె మామయ్యా. నేను తీసేస్తే నిజమే గావచ్చు అనుకుంటరు" అన్నది. గుడ్లు తీసుకుపోవడానికి వచ్చిన తల్లులు ఆ ఫైలు తిరగేసినారు. ఒకామె అడగనే అడిగింది: "టీచరమ్మా, పిల్ల తండ్రి కాడ గదేంది, ఎర్రగ రాసిన్రు?" సువర్ణ హాజరు పిలవడం మొదలుపెట్టిందట. గోరి పేరు రెండుసార్లు పిలిచిందట. ఈ 'అట'లన్నీ నాకు ఊరు చెప్పినవి. ఆమె చెప్పలేదు.

5. నేనూ, వియ్యంకుడు ధన్‌సింగ్ గారూ గోరిని తీసుకుని ఆరోగ్య కేంద్రానికి వెళ్లినాము. జరిగిన సంభాషణ ఉన్నది ఉన్నట్టు సమర్పిస్తున్నాను.

కౌన్సిలరు: "సార్, ఈ జబ్బు రావాలంటే తల్లి కాడికెల్లి ఒకటి, తండ్రి కాడికెల్లి ఒకటి రావాలె. మీ అబ్బాయిది నెగెటివ్. మరి రెండోది ఏడికెల్లి వచ్చింది? నేను రాసింది కాదు సార్, లెక్క రాసింది."

ధన్‌సింగ్ గారు: "లెక్క రాసిందా? మరి పెన్ను ఎవరు పట్టిన్రు బిడ్డా?"

"కోపం చెయ్యకండి పెద్దాయనా. మీ తండాలనే ఎవరికన్న ఉండి..."

ఆమె వాక్యం పూర్తి చేయలేదు. పూర్తి చేయనక్కర లేదు. ధన్‌సింగ్ గారు గోరిని దగ్గరికి లాక్కుని చెవి పక్క జుట్టు తప్పించినారు.

"గిటు చూడు. చెవి ముంగట సూదితోని పొడిచినట్టు సన్న బొక్క కనవడ్తున్నదా? పుట్టుకతోని వచ్చింది. ఇగ ఈయన చెవి చూడు. బావా, తల గిటు తిప్పు."

తిప్పాను. యాభై అయిదేళ్ల వయసులో ప్రభుత్వోద్యోగి ముందు చెవి చూపించి నిలబడ్డాను.

"ఈయన తల్లికున్నది, ఈయనకున్నది, మా అల్లునికున్నది, పిల్లకున్నది. మా తండాల ఒక్కలకు గిట్లాంటిది ఉంటే నా మీసం తీసేస్త."

"ఫారంల చెవికి కాలమ్ లేదు పెద్దాయనా."

"అవ్? మరి ఎర్ర సిరాకు ఉన్నదా కాలమ్?"

ఆమె తల వంచుకుని ఇంకో కార్డు తీసుకున్నది. నాకు ఆమె మీద పగ లేదు. ఆమెకు మూడు రోజుల శిక్షణ ఇచ్చి సగం సైన్సు నేర్పి పంపినవారి మీద ఉన్నది. సగం సైన్సు మూఢనమ్మకం కంటే ప్రమాదం. మూఢనమ్మకాన్ని నలుగురైనా అనుమానిస్తారు. దీనికి ముద్ర ఉంటుంది, నంబరు ఉంటుంది.

6. ఆ మిగతా సగం ఇది. రక్తం ఎలా తయారు కావాలో చెప్పే జన్యువు ప్రతి మనిషికీ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. అది ఒకే రకంగా చెడాలని ఎక్కడా లేదు. ఒక రకం తేడా ఉంటే రక్తకణం కొడవలిలా వంగుతుంది. ఇంకో రకం తేడా ఉంటే హిమోగ్లోబిన్ తయారవడమే తక్కువవుతుంది. దాన్ని తలసేమియా అంటారు. ఏదైనా ఒక్కటే ఉన్న మనిషి మామూలుగా తిరుగుతాడు. తల్లిదండ్రులిద్దరి నుంచీ తలసేమియాయే వస్తే బిడ్డకు రక్తం పట్టదు, వైద్యం లేని రోజుల్లో బతికేది కాదు. తల్లి నుంచి మొదటిది, తండ్రి నుంచి రెండోది ఒకే బిడ్డకు వస్తే ఆ బిడ్డ ఒంట్లో కణాలు వంగుతాయి, నొప్పులు వస్తాయి, కార్డు వస్తుంది. మీ చుక్క పరీక్షకు కొడవలి ఒక్కటే కనపడుతుంది. రెండోదానికి ఆ పరీక్ష గుడ్డిది. గుడ్డి పరీక్ష 'కనపడలేదు' అంటే మీరు 'లేదు' అని రాసుకున్నారు. అక్కడితో ఆగక, ఒక ఆడమనిషి మీద రాసినారు.

ఇంట్లో ఒకరు సూచించగా, నేనూ, నా కుమారుడూ, మా అమ్మ సుబ్బరత్నమూ ఖమ్మంలో పెద్ద పరీక్ష చేయించుకున్నాము. ముగ్గురికీ తలసేమియా లక్షణం ఉన్నది. నివేదికలు జతపరిచాను. నా రక్తం పలచన అని ముప్పై ఏళ్లుగా ఐరన్ మాత్రలు మింగుతున్నాను. అది ఐరన్ లోపం కాదట. మా అమ్మో, నాన్న వెంకటరామారావు గారో నాకు ఇచ్చిన ఆస్తిలో ఎక్కడా నమోదు కాని భాగమట.

కాగితం తెచ్చి మా అమ్మకు చదివి చెప్పాను. ఆమెకు డెబ్బై ఎనిమిదేళ్లు. కాగితం తన చేతిలోకి తీసుకున్నది. తరవాత అన్నది:

"అయితే మన పద్మప్రియకి బాలగ్రహం కాదన్నమాట."

పద్మప్రియ నా చెల్లెలు. బాలగ్రహం పట్టిందని అందరూ అనుకుంటుండగానే నాలుగేళ్లు నిండకుండా పోయింది. నాకు గుర్తున్నది ఒక్కటే, దాని పొట్ట పెద్దగా ఉండేది, నవ్వితే పెదాలు తెల్లగా ఉండేవి.

"మీ నాన్న నాకు మేనమామ గదరా. ఇంటి రక్తం ఇంట్లోనే ఉండాలని మావాళ్లు పట్టుబట్టి చేశారు" అన్నది అమ్మ. కాగితం మడిచి నా చేతిలో పెట్టి, "ఉంది మరి. ఇంట్లోనే ఉంది" అన్నది.

7. కాబట్టి అడుగుతున్నాను. మీ శిబిరం తండాలో పెట్టినారు, గూడేల్లో పెట్టినారు. మా వీధిలో ఎందుకు పెట్టలేదు? మేనమామకూ మేనకోడలికీ మూడు తరాలుగా పెళ్లిళ్లు చేసుకుంటున్న మా పెద్ద ఇళ్ల ముందు మీ జీపు ఎందుకు ఆగలేదు? జబ్బును మోసేది తండా, పరీక్షించేది ఊరు అని ఎవరు నిర్ణయించినారు? ఈ రెండు తేడాలూ మలేరియా నేలల్లో నిలబడినవే. ఒక్కటి మాత్రమే ఉన్నవాణ్ణి మలేరియా అంత తేలికగా చంపలేకపోయింది. వాడు బతికి పిల్లల్ని కన్నాడు. దోమ పట్టాదారు పాసుపుస్తకం చూసి కుట్టలేదు. అడవి వాళ్ల రక్తంలో ఉన్నది లోపం, మా రక్తంలో ఉన్నది వంశం అని చెప్పడానికి జీవశాస్త్రంలో చోటు లేదు. మీ రిజిస్టరులో మాత్రం ఉన్నది.

నేను మిరప వేస్తాను. ముడత తెగులు వచ్చిన ఏడు కొన్న విత్తనం మడి మొత్తం ఒకేసారి ముడుచుకుపోయింది. మా అమ్మ గట్టు మీద వేసిన నాటు మిరపలో పదికి మూడు మొక్కలు పచ్చగా నిలబడ్డవి. ఆ మూడింట్లో ఏదో తేడా ఉన్నది. ఆ ఏడు ఆ తేడాయే మాకు విత్తనం మిగిల్చింది. ఇంకో ఏడు ఇంకో తెగులుకు అదే తేడా మొక్కను చంపవచ్చు. తేడా అంటే తప్పు కాదని చదువు లేని మా కూలీలకు గట్టు మీద చెబితే అర్థమైంది. తమకు కార్యాలయంలో అర్థం కావలెనని కోరిక.

8. ఇక అడుగుతున్నవి. ఆ మాటను కొట్టివేయవలెను. తెల్ల రంగు పూసి కప్పిపెట్టడం కుదరదు. కొట్టివేసి, పక్కన 'శాఖ పొరపాటు' అని అదే ఎర్ర సిరాతో రాసి, కింద సంతకం చేయవలెను. ఆ నకలును నల్లవాగుపాడు అంగన్‌వాడీకి అదే టపాలో పంపవలెను. సువర్ణ దానికి కూడా వరుస నంబరు వేసి ఫైలులో పెడుతుంది. వచ్చే శిబిరం మా వీధిలో పెట్టవలెను. మొదటి చేయి నాది. ఎవరూ రాకపోతే మా అరుగు మీద నేనొక్కణ్ణే కూర్చుంటాను. నా చుక్కను పెద్ద పరీక్షకు పంపి, నాకూ ఒక కార్డు ఇవ్వవలెను. దాన్ని మెడలో వేసుకుని తిరగడానికి నాకు నామోషీ లేదు.

పదిహేను రోజుల గడువు. పదహారో రోజు నేనూ ధన్‌సింగ్ గారూ తమ ఆఫీసు వరండాలో ఉంటాము. ఇద్దరమూ ఎక్కువ మాట్లాడే మనుషులము. తమ పని ముందుకు సాగదు.

కావున తాము ఈ అర్జీని చిత్తగించవలెను. చిత్తగించకున్నను గోరి రక్తం మారదు, తండ్రి మారడు. మారవలసినది తమ కాగితమొక్కటే.

తమ విధేయుడు అని రాయడం ఆచారం. ఈ విషయంలో నేను విధేయుడను కాను.

జయప్రకాశ్
నల్లవాగుపాడు

జతపరచినవి: రక్త నివేదికలు మూడు, కార్డు నకలు ఒకటి.

తా.క.: పోస్టు చేసేముందు దీన్ని సువర్ణకు చదవమని ఇచ్చాను. అంతా చదివి, ఆరో అంశం దగ్గర వేలు పెట్టి, "'ఇంట్లో ఒకరు సూచించగా' ఏంది మామయ్యా? గట్లెందుకు రాసిన్రు?" అన్నది. కాబట్టి ఉన్నది రాస్తున్నాను.

ఎర్ర సిరా కార్డు ఇంటికి వచ్చిన పూట, అందరూ అన్నం తిన్నాక, నేను సువర్ణను పక్కకు పిలిచి అన్న మాట ఇది: "అమ్మా, ఏదన్నా చెప్పుకునేది ఉంటే నాతో చెప్పు. నేను పాతకాలం మనిషిని కాను, అర్థం చేసుకుంటాను." ముప్పై ఏళ్లుగా ఊళ్లు తిరిగి సైన్సు చెప్పినవాణ్ణి. పిల్ల చెవి నా కళ్ల ముందే ఉంది. చూస్తూనే అన్నాను. అంత పెద్ద మనసు చూపించుకున్నాను.

ఆమె ఏడవలేదు. గిన్నెలు తీస్తూ, "నా రక్తం చూసిన్రు, నీ కొడుకు రక్తం చూసిన్రు. నీది చూపిచ్చుకున్నవా మామయ్యా?" అన్నది. అంతకు ముందెప్పుడూ నన్ను నువ్వు అనలేదు. ఖమ్మం వెళ్లడానికి కారణం ఆ ప్రశ్న. నా సైన్సు కాదు.

ఈ రోజు కాగితం మడిచి తిరిగి ఇస్తూ అన్నది: "కార్డు మీద రాసింది ఆ సారు కొట్టేస్తడు. మీరన్నది ఎవరు కొట్టెయ్యాలె?"

అయ్యా, ఆమె పెట్టిన ఆ అర్జీ నా దగ్గర ఉన్నది. తమకు నేను పదిహేను రోజులు గడువు పెట్టాను. నాకు ఆమె గడువేమీ పెట్టలేదు.